నాడె, ముడి, నిమిషం వీడియో

టాటింగ్ అనేది అరచేతిలో ఇమిడే చిన్న నాడెతో ఒకే రకం ముడిని వరసగా వేస్తూ, ఆ ముడుల వరసను వలయాలుగానూ వంపులుగానూ మలిచి లేసు తయారుచేసే చేతిపని. ఇది సూదితో బట్టమీద కుట్టే పని కాదు, మగ్గం మీద నేసే పనీ కాదు. క్రోషా సూది కొక్కెంతో ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చును లాగుతూ పోయే అల్లిక అంతకన్నా కాదు. క్రోషా అల్లికలో చివరి ఉచ్చును వదిలి దారం లాగితే పని మొత్తం క్షణాల్లో ఊడివస్తుంది. టాటింగ్‌లో ప్రతి కణమూ ముడే కాబట్టి ఎక్కడ తెగినా అక్కడే ఆగుతుంది తప్ప లేసంతా విడిపోదు. ఈ గట్టిదనమే దాని గొప్పతనం, నేర్చుకునేవారికి కష్టమూ అదే, ఎందుకంటే తప్పుగా బిగిసిన ముడిని విప్పడం వేయడంకన్నా చాలా ఎక్కువ శ్రమ.

ఈ పనికి వాడే పనిముట్టును ఇంగ్లిషులో షటిల్ అంటారు. చేనేత మగ్గంలో పేకదారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టుకూ అక్కడ అదే పేరు. తెలుగు నేతగాళ్లు దాన్ని నాడె అంటారు, అందులో ఉండే దారపు చుట్టను కండె అంటారు. టాటింగ్ నాడె పొడవు సుమారు 6 లేక 7 సెంటీమీటర్లు. రెండు పడవ రెక్కల్లాంటి పలకలు కొసల దగ్గర ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి, వాటి నడుమ ఉన్న చిన్న దిమ్మెకు దారం చుట్టుకొని ఉంటుంది. మగ్గపు నాడెకు ఇది చిట్టి చెల్లెలు. అందుచేత కొత్త మాట వెతుక్కోకుండా నాడె అనే పిలవడం న్యాయం.

నాయుడుపేట వంటి ఊళ్లో ఆ మాటకు అర్థం చెప్పవలసిన పని తక్కువ. స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై-కోల్‌కతా రహదారిమీద ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. పడమటి దిక్కున వెంకటగిరి ఉంది, సన్ననూలు చీరలకూ జాందానీ బుటాలకూ పేరుపొందిన నేత పట్టణం. తూర్పు, దక్షిణ దిక్కుల్లో సముద్రమూ పులికాట్ సరస్సూ ఉన్నాయి. అక్కడి చేపలవాళ్లు దారం చుట్టిన పొడవాటి సూదితో, కన్ను కొలతకు ఒక పలకను అడ్డంపెట్టుకొని, ముడి తర్వాత ముడి వేస్తూ వలలు అల్లుతారు, చిరిగినచోట బాగుచేస్తారు. నాడెకు దారం చుట్టుకొని పనిలోకి దిగడం నేతగాడి పద్ధతి, ముడి మీద ముడితో ఖాళీ జాగాను ఆకారంగా మార్చడం వలకారుడి పద్ధతి. టాటింగ్ ఈ రెంటికీ నడుమ నిలిచే పని. నాయుడుపేట లేసుకు పేరుపడ్డ ఊరు కాకపోయినా, ఈ పనిని అర్థంచేసుకోగల కళ్లు ఆ చుట్టుపట్ల ఎప్పటినుంచో ఉన్నాయి.

టాటింగ్‌లో ఉన్నది ఒకే ఒక ముడి. దాన్ని తెలుగులో జంట ముడి అనవచ్చు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారాన్ని పట్టుకొని, మిగిలిన వేళ్ల చుట్టూ తిప్పి మళ్లీ ఆ పట్టులోకే తెస్తే చేతిచుట్టూ ఒక పెద్ద వలయం ఏర్పడుతుంది. కుడిచేతిలోని నాడెను ఆ వలయపు దారం కిందుగా పోనిచ్చి పైనుంచి వెనక్కి తెస్తే మొదటి సగం, పైనుంచి పోనిచ్చి కిందుగా వెనక్కి తెస్తే రెండో సగం. రెండు సగాలూ ఒకదానికొకటి అద్దంలో నీడల్లా పక్కపక్కన కూర్చుంటే జంట ముడి పూర్తవుతుంది. మాటల్లో ఇంతే కాబట్టి పని తేలికగానే కనిపిస్తుంది. అయినా మొదటిరోజు కూర్చున్నవారిలో చాలామంది గంట తర్వాత చిక్కుపడిన దారాన్ని పక్కన పెట్టి లేస్తారు. ఆ ఓటమికి కారణం ఒక్కటే, ముడి వేసేటప్పుడు మధ్యలో జరిగే ఒక దూకుడు.

నాడె తిరిగివచ్చిన క్షణంలో మెలిక నాడె దారానిదిగా ఉంటుంది. చేతిచుట్టూ ఉన్న దారం తిన్నగా ఉంటే నాడె దారం దానికి చుట్టుకొని ఉంటుంది. టాటింగ్‌కు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. నాడె దారం తిన్నని తీగలా మధ్యలో ఉండాలి, చేతిచుట్టూ ఉన్న దారం దానికి ముడిగా చుట్టుకోవాలి. అందుకోసం ఎడమచేతి వేళ్లను వదులుచేసి, అదే సమయంలో కుడిచేత్తో నాడె దారాన్ని బిగువుగా లాగాలి. అప్పుడు మెలిక ఒక దారంనుంచి రెండోదానిమీదికి దూకుతుంది. తర్వాత ఎడమచేతి నడిమి వేలు లేపితే ఆ మెలిక జారుకుంటూ వచ్చి పట్టు దగ్గర కూర్చుంటుంది. దూకుడు జరిగిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష కూడా సులువే. నాడె దారాన్ని అటూ ఇటూ లాగితే ముడి దానిమీద పూసలా జారాలి, జారకుండా పట్టేస్తే దూకుడు జరగలేదన్నమాట. ముడులన్నీ ఇలా జారగలిగితేనే చివర నాడె దారం లాగినప్పుడు చేతిచుట్టూ ఉన్న పెద్ద వలయం ముడుచుకొని చిన్న పువ్వు రేకుగా మూసుకుంటుంది. ఇరవై ముడుల్లో ఒక్కటి బిగుసుకున్నా వలయం మూతపడదు.

మిగతా పనంతా ఈ ఒక్క మెలకువ మీద కట్టిన ఇల్లు. రెండు జంట ముడుల మధ్య కాస్త దారం వదిలిపెట్టి, రెండోదాన్ని మొదటిదాని పక్కకు జరిపితే ఆ వదిలిన దారం చిన్న చెవిలా పైకి లేస్తుంది. దాన్ని పికో అంటారు. ఒక వలయపు పికోలోంచి దారాన్ని పైకి లాగి, ఆ ఉచ్చులోంచి నాడెను పోనిస్తే రెండు వలయాలు అతుక్కుంటాయి. రెండో దారపు ఉండను కలిపి, నాడె దారాన్ని మూయకుండా వంపుగా వదిలే ముడుల వరసను గొలుసు అంటారు. నమూనాలు రాసే పద్ధతి కూడా పొదుపైనదే. 5 - 5 - 5 - 5 అని రాస్తే, అయిదేసి జంట ముడుల వరసల మధ్య ఒక్కో పికోతో మొత్తం 20 ముడులూ 3 పికోలూ ఉన్న వలయం అని అర్థం. అంకెలూ చిన్న గీతలూ తప్ప భాష అవసరం లేని ఈ రాత దేశాల మధ్య సునాయాసంగా ప్రయాణించింది.

రాత ప్రయాణించినంత సులభంగా చేతిపని ప్రయాణించలేదు. టాటింగ్ నమూనాలు ఇంగ్లండులో 1840లలో అచ్చులోకి వచ్చాయి. ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్డియేర్ అనే అల్లిక ఉపాధ్యాయురాలు 1850లో కేవలం ఈ పనికే ఒక పుస్తకం వేసింది. విడివిడి వలయాలను పికోల సాయంతో కలిపే పద్ధతి వ్యాప్తిలోకి రావడంలో ఆమె పుస్తకాలకు పెద్ద పాత్ర ఉంది. 1886లో తెరేజ్ ద దిల్‌మాంట్ కూర్చిన అల్లికల విజ్ఞాన సర్వస్వం టాటింగ్‌కు ఒక అధ్యాయం కేటాయించి, చేతులు ఎక్కడ ఉండాలో చెక్కుబొమ్మలతో చూపించింది. ఇటాలియన్లు ఈ పనిని కబుర్లు అనే అర్థం వచ్చే మాటతో కియాక్కియెరీనో అని, ఫ్రెంచివారు ఫ్రివొలితే అని, తుర్కీవారు నాడె అంచు అనే అర్థంలో మెకిక్ ఓయసు అని పిలుచుకున్నారు. పేర్లూ పుస్తకాలూ ఇన్ని ఉన్నా, ఆ ఒక్క దూకుడు మాత్రం ఏ బొమ్మలోనూ కుదురుగా కూర్చోలేదు. బొమ్మ దూకుడుకు ముందున్న స్థితిని చూపగలదు, తర్వాతి స్థితిని చూపగలదు. మధ్యలో బిగువు ఒక చేతినుంచి మరో చేతికి మారే క్షణం స్థితి కాదు, కదలిక. కాబట్టి పుస్తకం చదివి నేర్చుకున్నవారికన్నా పక్కన కూర్చొని చూసి నేర్చుకున్నవారే ఎప్పుడూ ఎక్కువ. తెలుగు వారపత్రికల స్త్రీల పేజీల్లో అచ్చయిన ఊలు అల్లికల నమూనాలకూ ఇదే పరిమితి ఉండేది. అప్పటికే పని తెలిసినవారికి అవి కొత్త డిజైన్లు ఇచ్చాయి తప్ప తెలియని చేతికి పని నేర్పలేదు.

పక్కన కూర్చొని నేర్పే పద్ధతికి తెలుగునాట అతిపెద్ద ఉదాహరణ పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం. అక్కడి లేసు టాటింగ్ కాదు, క్రోషా అల్లిక. అయినా తెలుగు స్త్రీల చేతుల్లో లేసు బతికిన తీరు తెలుసుకోవడానికి దానికి మించిన చరిత్ర లేదు. క్రైస్తవ మిషనరీ కుటుంబాలు 1844 ప్రాంతంలో ఈ పనిని అక్కడికి తెచ్చాయని చెబుతారు. ఆ తర్వాత అది తల్లినుంచి కూతురికి, ఇరుగునుంచి పొరుగుకు పాకి, డెల్టా గ్రామాల్లో వేలాది ఇళ్ల వసారాల్లోకి చేరింది. పాఠ్యపుస్తకం లేదు, బడి లేదు. పక్కింటి అరుగుమీద కూర్చొని చూడటమే చదువు. 2024లో నర్సాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారైన సరుకుకే ఆ పేరు వాడుకునే హక్కు చట్టపరంగా ఏర్పడింది.

ఆ చరిత్రకు రెండో ముఖం కూడా ఉంది, దాన్ని వదిలి లేసు గురించి మాట్లాడటం తగదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నర్సాపురం పరిసరాల్లో పరిశోధన చేసి, 1982లో నర్సాపురం లేసు పనివారి గురించి ఒక పుస్తకం ప్రచురించింది. రోజులో ఆరేడు గంటలు అల్లే స్త్రీలను వర్తకులూ, కుటుంబాలూ, చివరికి ప్రభుత్వ లెక్కలూ కూడా తీరిక వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులుగానే చూశాయనీ, అందుకే వాళ్ల కూలి కనీస వేతనానికి ఎంతో దిగువన ఉండిపోయిందనీ ఆమె నిరూపించింది. ఆమె గమనించిన మరో సంగతి ఈ వ్యాసానికి మరింత దగ్గరది. పని ముక్కలుగా విడిపోయింది. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది, మరొకామె వాటిని కలిపే అతుకుపని మాత్రమే చేస్తుంది, పూర్తయిన బల్లగుడ్డ ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో ఇద్దరికీ తెలియదు. ఏళ్ల తరబడి వేల పువ్వులు అల్లిన చేతికి పూర్తి వస్తువు తయారుచేసే తెలివి దక్కకుండా పోవడం, కూలి తక్కువకావడం కంటే చిన్న అన్యాయమేమీ కాదు.

పక్కన కూర్చొని నేర్పేవారి బదులు ఇప్పుడు పని నేర్పుతున్న చిన్న వీడియోల సంగతికి ఈ నేపథ్యం అవసరం. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించాక, కొద్ది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దేశంలోకి వచ్చింది; యూట్యూబ్ తన షార్ట్స్‌ను అదే ఏడాది సెప్టెంబరులో మొదట భారతదేశంలోనే ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. నిలువు తెరమీద, నిమిషంలోపు నిడివితో, అయిపోగానే దానంతటదే మళ్లీ మొదలయ్యే వీడియో అప్పటినుంచి ఇంటింటి వస్తువైంది. యూట్యూబ్ 2024 అక్టోబరులో ఆ నిడివిని 3 నిమిషాలకు పెంచింది. కొంగు కుచ్చులు, బేబీ కుచ్చులు, క్రోషా కుచ్చులు, మగ్గం పని, జాకెట్టు మెడల కత్తిరింపు వంటి పనులు తెలుగులో ఈ దారిలోనే పల్లెలదాకా చేరాయి. పట్టుచీర కొంగుకు కుచ్చులు వేసి ఇంటినుంచే నాలుగు రూపాయలు సంపాదించే స్త్రీలు ఈరోజు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఫోనే గురువు.

టాటింగ్‌కు ఈ రూపం ఎంతగా సరిపోతుందో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నూట యాభై ఏళ్లకు పైగా అచ్చుబొమ్మకు అందని ఆ దూకుడు నిడివి ఒక క్షణం మాత్రమే. దాన్ని చూపడానికి గంట పాఠం అక్కర్లేదు, నిమిషం చాలు; కాకపోతే ఆ నిమిషాన్ని ఇరవైసార్లు చూడాలి. దానంతటదే తిరిగి మొదలయ్యే వీడియో, విసుగులేకుండా మళ్లీ మళ్లీ చేసి చూపే అమ్మమ్మ చేసే పనినే చేస్తుంది. చూసేవారి చేతిలో నాడె ఉంటే, రెండు చేతులూ దారంతో బంధించి ఉంటే, తెరను తాకకుండానే పాఠం మళ్లీ మొదలవుతుంది. పెద్ద వీడియోను వెనక్కి జరుపుకోవడానికి దారం వదిలిపెట్టవలసి వచ్చే బాధ ఎంతటిదో పని నేర్చుకున్నవారికి తెలుసు.

ఇంత అనుకూలమైన రూపంలో కూడా ఎక్కువ వీడియోలు పని నేర్పలేకపోవడానికి కారణాలు స్పష్టమైనవి. మొదటిది వేగం. చూపు ఆకట్టుకోవడానికి వీడియోను నాలుగింతల వేగంతో నడిపిస్తే వలయం పువ్వులా విచ్చుకోవడం కనిపిస్తుంది కాని దూకుడు కనిపించదు. అది ప్రదర్శన అవుతుంది, పాఠం కాదు. రెండోది దిక్కు. ఎదురుగా నిలిపిన ఫోను చూపే చేతులు నేర్చుకునేవారి చేతులకు తలకిందులుగా ఉంటాయి, ముందు కెమెరాతో తీస్తే కుడి ఎడమలు కూడా తారుమారు కావచ్చు. ఫోనును అల్లేవారి భుజం మీదుగా, కళ్లున్న ఎత్తున నిలిపి, వెనక కెమెరాతో తీస్తే తెరమీది చేతులు చూసేవారి సొంత చేతుల్లాగే కనిపిస్తాయి. మూడోది నిలువు తెర తెచ్చిన ఇబ్బంది. టాటింగ్ పని అడ్డంగా సాగుతుంది, ఎడమచేయి ఒక పక్క, నాడె మరో పక్క. నాడె దారం బిగువుగా లాగినప్పుడు కుడిచేయి తెరనుంచి బయటికి పోతుంది. చూడవలసిన చోటు బొటనవేలి పట్టు దగ్గరి మూడంగుళాలే కాబట్టి తెర మధ్యలోకి దాన్నే తీసుకురావాలి, నాడెకు దారం కురచగా వదలాలి.

దారం ఎంపిక మీద సగం పాఠం ఆధారపడుతుంది. క్రోషా దారాలకు 10, 20, 40, 80 అని అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. అందమైన లేసు 40లోనో 80లోనో వస్తుంది. పాఠం మాత్రం 10 నంబరు దారంతోనో, ఇంకా లావుపాటి నూలు తాడుతోనో చెప్పాలి. చేతిచుట్టూ ఒక రంగు, నాడెలో మరో రంగు ఉంటే దూకుడు దానంతటదే బయటపడుతుంది. ఎర్ర దారం తెల్లదారానికి చుట్టుకొని ఉన్నది, ఒక్క లాగుతో తెల్లదారం ఎర్రదానికి చుట్టుకుంటుంది. రంగులు తారుమారైన ఆ చిన్న దృశ్యమే టాటింగ్ విద్యలో సగం. దాన్ని కళ్లారా చూసినవారు జీవితంలో మరచిపోరు.

తప్పును కూడా చూపాలి. వీడియోలు తీసేవారు సహజంగా తప్పు జరిగినవాటిని తీసేసి, తప్పులేని వాటినే మిగుల్చుకుంటారు. టాటింగ్‌లో విప్పడం కష్టం కాబట్టి నేర్చుకునేవారు ఎక్కువసేపు గడిపేది తప్పు దగ్గరే. బిగిసిపోయిన ముడి ఎలా ఉంటుందో, దాన్ని సూదిమొనతో ఎలా వదులుచేయాలో, మూసేసిన వలయాన్ని మళ్లీ తెరవడానికి పికో దగ్గర ముడులను ఎలా విడదీయాలో చూపే ఒక్క నిమిషం, పూర్తయిన పది పువ్వుల వీడియోలకన్నా విలువైనది. పక్కన కూర్చున్న అక్క చేసేది అదే కదా. ఆమె పువ్వును పొగడదు, ముడిని సరిచేస్తుంది.

మాటల విషయం కూడా పట్టించుకోదగ్గది. టాటింగ్ వీడియోలు ఎక్కువగా ఇంగ్లిషులో, రష్యన్‌లో, తుర్కీలో, జపనీస్‌లో దొరుకుతాయి. చేతులు చూసి కొంత నేర్చుకోవచ్చు, కాని ఏ వేలు ఎప్పుడు వదలాలో మాటే చెప్పగలదు. బిగువు, సడలింపు, జారుడు, ఉచ్చు, మెలిక, అతుకు, కొస, చిక్కు వంటి మాటలు తెలుగులో దారం పనుల్లో వందల ఏళ్లుగా నలిగినవి. నాడె, జంట ముడి, వలయం, గొలుసు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. పికో మాట కూడా కొత్తది కాదు. టైలరు దుకాణాల ముందు ఫాల్, పీకో అని రాసి ఉండే బోర్డుల్లో ఉన్నది ఈ ఫ్రెంచి మాటే. లేసు అంచున చిన్న మొనల్లా లేచే చెవులకు పుట్టిన ఆ పేరు యంత్రంతో చీర అంచు మడిచి కుట్టే పనికి అంటుకొని తెలుగు వాడుకలో స్థిరపడింది. చీరకు పీకో కుట్టించుకునే ప్రతి స్త్రీ నోటా టాటింగ్ మాట ఒకటి ఇప్పటికే ఉంది.

ఇంతవరకు చెప్పినవి వీడియో ఎలా తీయాలన్నదాని గురించి. అంతకన్నా లోతైన ప్రశ్న, చిన్న వీడియో దేన్ని వదిలేస్తుందన్నది. ఆకర్షణీయమైన భాగం వలయం మూసుకోవడం కాబట్టి వీడియోలన్నీ అక్కడికే పరుగెత్తుతాయి. నాడెకు దారం ఎంత చుట్టాలి, దారం మధ్యలో అయిపోతే కొత్త దారం ఎక్కడ కలపాలి, చివరికి మిగిలిన కొసలను ముడుల్లోకి ఎలా దాచాలి, తయారైన లేసును తడిపి గుండుసూదులతో పరిచి ఎలా ఆరబెట్టాలి, ఒక నమూనాను కాగితంమీది అంకెల్లోంచి ఎలా చదువుకోవాలి అన్నవి ఎవరికీ మెరుపులా అనిపించని పాఠాలు. అవి లేకపోతే నేర్చుకున్నవారు ఒక పువ్వు దగ్గరే ఆగిపోతారు. నర్సాపురంలో వర్తకం పనిని ముక్కలు చేసినట్టే ఇక్కడ తెర నిడివి విద్యను ముక్కలు చేస్తుంది. ఒకామెకు పువ్వు, మరొకామెకు అంచు, పూర్తి వస్తువు ఎవరికీ రాదు. చిన్న వీడియోలతో టాటింగ్ నేర్పదలచినవారు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించి, విడి పువ్వుల వరసగా కాకుండా, ఒక్క వస్తువు మొదలునుంచి చివరిదాకా తయారయ్యే క్రమంలో వీడియోలను కట్టాలి. ఒక చేతిరుమాలు అంచు తీసుకుంటే, దారం చుట్టడంనుంచి కొస దాచడందాకా పదో పన్నెండో నిమిషం పాఠాలు సరిపోతాయి. వాటికి అంకెలు వేసి, నమూనాను తెలుగులో ఒక కాగితంమీద రాసి చూపితే అది నిజమైన పాఠ్యక్రమం అవుతుంది.

నమూనా ఎవరిదో చెప్పడం కూడా ఆ క్రమంలో భాగమే. ముడి ఎవరి సొత్తూ కాదు. ఒక ప్రత్యేకమైన పువ్వునో అంచునో కల్పించిన మనిషి మాత్రం ఉంటారు. వారి పేరు చెప్పకుండా ఆ నమూనాను సొంతదిగా చూపడం, పూర్తయిన లేసుమీద అల్లినవారి పేరు లేకుండా ఓడ ఎక్కించిన పాత వర్తకానికి భిన్నమైన పని కాదు.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. యూట్యూబ్ షార్ట్స్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు ఉండాలి, 90 రోజుల్లో కోటి వీక్షణలు రావాలి. తెలుగులో టాటింగ్ దూకుడును నెమ్మదిగా చూపే వీడియోకు ఆ సంఖ్య వస్తుందని ఆశపెట్టడం మోసం. వీక్షణల కోసం మొదలుపెట్టినవారు త్వరలోనే వేగం పెంచుతారు, పాటలు కలుపుతారు, పాఠం వదిలేస్తారు. ఆదాయం రావలసినది వీడియోనుంచి కాదు, చేతినుంచి. అది కూడా గంటలు లెక్కపెట్టుకొని ధర చెప్పగల చేతినుంచి. టాటింగ్ చాలా నెమ్మదిగా సాగే పని, కాబట్టి యంత్రపు లేసుతో గజాల లెక్కన పోటీపడితే నర్సాపురం స్త్రీలకు జరిగినదే మళ్లీ జరుగుతుంది. కొలతలో చిన్నది, చూపులో ప్రత్యేకమైనది, ఎవరు చేశారో చెప్పగలిగినది అయిన వస్తువుకే ఈ పని తగినది.

అటువంటి వస్తువు కోసం దూరం పోనక్కర్లేదు. తుర్కీ స్త్రీలు తలగుడ్డల అంచులకు నాడెతో అల్లిన పూల వరసలు కడతారు. బట్ట పలచన, అంచు అల్లిక, రెండూ కలిసి ఒక వస్త్రం. పలచటి వెంకటగిరి నూలు చీర కొంగుకు అదే పద్ధతిలో సన్నటి టాటింగ్ అంచు కలిస్తే బరువు పెరగదు, ఉతికితే ఊడదు, కుచ్చుల్లా చిక్కుపడదు. రెండు పనులూ నాడెతో పుట్టినవే. జాకెట్టు చేతుల అంచులు, పసిపిల్లల గౌనుల మెడలు, చెవి లోలకులు, గాజులమీది అల్లికలు ఇప్పటికే ఇతర దేశాల్లో టాటింగ్‌తో తయారవుతున్నాయి. కుచ్చులు వేయడం వచ్చిన చేతికి దారపు బిగువు ముందే తెలుసు కనుక, కొత్తగా నేర్చుకోవలసినది ఆ ఒక్క దూకుడే.

ఇక మిగిలింది నేర్పేవారి మాట. మిషన్ బడుల్లో, ఆడపిల్లల హాస్టళ్లలో, పాతకాలపు క్రాఫ్టు తరగతుల్లో అల్లికలు నేర్చుకొని, ఇప్పుడు వయసు మీదపడి ఇంటిపట్టున ఉన్న స్త్రీలు కోస్తా ఊళ్లలో ఉన్నారు. నాయుడుపేట ప్రాంతానికే చూస్తే, 1860ల నడుమ జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు పని మొదలుపెట్టింది. ఆ కాలపు మిషన్ బడుల్లో ఆడపిల్లల చదువుకు సూదిపని విడదీయరాని భాగం. అలాంటి బడుల పెట్టెల్లో, అటువంటి చదువు చదివిన పెద్దవాళ్ల పెట్టెల్లో, దంతంలాంటి తెల్లటి చిన్న నాడె ఒకటి కనిపిస్తే అది ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఇంట్లో అటువంటి నాడె ఉన్నవారూ, దాన్ని తిప్పడం తెలిసిన అమ్మమ్మ ఉన్నవారూ చేయవలసిన పని ఒకటుంది. లావుపాటి దారం రెండు రంగుల్లో తెచ్చి, పగటి వెలుతురులో ఆమెను కూర్చోబెట్టి, భుజం వెనకనుంచి ఫోను పట్టుకొని, పాట లేకుండా, వేగం పెంచకుండా, ఆమె తెలుగు మాటల్లోనే ఒక్క జంట ముడిని నిమిషం వీడియోగా తీయండి. మొదటి పాఠానికి అది చాలు.